ముగ్గు పోయకముందే ఊరిని అడగాలి: ఇళ్ల పథకాలపై అపోహలు – వాస్తవాలు

చిలమకూరు, ఎర్రగుంట్ల నుంచి ముద్దనూరు, కొండాపురం, జమ్మలమడుగు దాకా ఊళ్లు, పొలాలు చేతులు మారడం కొత్త కాదు. సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి గనులు, కలమళ్ల దగ్గర థర్మల్ కేంద్రం, ఆ తర్వాత గండికోట జలాశయం వచ్చాయి. వీటికి తోడు ప్రతి ప్రభుత్వమూ ఇచ్చే ఇళ్ల స్థలాలు ఉండనే ఉన్నాయి. ఇన్ని కాలనీలు లేచాయి గానీ, వాటిని ఎక్కడ వేయాలి, ఎట్లా కట్టాలి అని అందులో కాపురం ఉండబోయేవాళ్లను అడిగింది తక్కువ. అడగకపోవడానికి చెప్పే కారణాలేమో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

అపోహ: చదువు రానివాళ్లకు ప్లాను ఏం అర్థమవుతుంది?

కాగితం మీది లేఅవుటు అలవాటు లేకపోతే చదువుకున్నవాళ్లకూ అర్థం కాదు. అదే లేఅవుటును స్థలంలో ముగ్గు పోసి చూపిస్తే కథ వేరు. ఈ వీధిలో గడ్డి ట్రాక్టరు తిరుగుతుందా లేదా అన్నది రైతు నిలబడి చెప్పేస్తాడు. వాన నీళ్లు ఎవరి గడప ముందు నిలుస్తాయో వాలు చూసి చెప్పే ముసలివాళ్లుంటారు. ఒక బర్రెను మేపుకుని బతికే ఇల్లాలు ముందు అడిగేది గది కొలత కాదు, కట్టుగొయ్య ఎక్కడ పాతాలి, వామి ఎక్కడ వేయాలి, పేడదిబ్బ ఎక్కడ అని.

ఆ ప్రశ్నకు మన కాలనీల దగ్గర జవాబు లేదు. 2020 డిసెంబరు 25న మొదలైన పేదలందరికీ ఇళ్లు పథకంలో పల్లెల్లో ఇచ్చింది సెంటున్నర స్థలం, అంటే 650 చదరపు అడుగులకు కాస్త ఎక్కువ. అందులో సగానికి పైగా 340 చదరపు అడుగుల ఇంటికే పోతుంది. మరుగుదొడ్డి, నీళ్ల తొట్టి పోను మిగిలిన చోట పశువు నిలబడలేదు. ఇప్పుడు పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామంటున్నారు. మంచిదే. అయితే కూలికి పోయేవాళ్లకు, పాడి ఉన్నవాళ్లకు, ఇంట్లోనే మగ్గం వేసుకునేవాళ్లకు ఒకే కొలత, ఒకే నమూనా ఎందుకని అప్పుడూ ఇప్పుడూ ఎవరూ అడగలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు మగ్గం ఉన్న ఇంట్లో గుంత మగ్గానికి చోటు లేకపోతే అది ఇల్లు కాదు, పని పోయినట్టే.

నేల సంగతీ అంతే. ఇక్కడ చాలాచోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, పైపైన వేసిన పునాది మీది గోడలు చీలుతాయి. ఏ సర్వే నంబరులో రేగడి ఎంత లోతుందో, ఏ వంక ఏ ఏడు పొంగిందో, ఏ బోరులో ఉప్పునీళ్లు పడతాయో ఊళ్లోవాళ్లకు తెలుసు. ఇంజనీరు చేసే మట్టి పరీక్ష తప్పనిసరే, దాంతోపాటు ఈ మాటలూ రాసుకోవడానికి ఖర్చేమీ లేదు.

అపోహ: ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది కదా, జనాన్ని అడిగినట్టే.

సిమెంటు ఫ్యాక్టరీల పుణ్యమా అని ఈ మాట ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. షామియానా, పోలీసులు, మైకు, అనుకూలంగా కొందరు, వ్యతిరేకంగా కొందరు. అది 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ కింద పెట్టే సభ. అప్పటికే ముసాయిదా నివేదిక తయారై ఉంటుంది. అక్కడ అడిగేది ప్రాజెక్టు మీద అభిప్రాయం. మీ ఇల్లు, మీ వీధి ఎట్లా ఉండాలని కాదు.

ఇళ్లు కోల్పోయేవాళ్ల కోసం వేరే చట్టముంది. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 భూసేకరణ చట్టం ప్రకారం పునరావాస ముసాయిదాను ప్రభావిత ప్రాంతంలో ప్రచారం చేయాలి, దానిపై బహిరంగ విచారణ జరపాలి. కొత్త ఊళ్లో ఏమేం ఉండాలో దాని మూడో షెడ్యూలు చెబుతుంది. రోడ్లు, మురుగు కాలువలు, మంచినీళ్లు సరే. పశువులకు తాగునీళ్లు, మేత భూమి, శ్మశానం, చివరికి ప్రతి 50 కుటుంబాలకు జనం కూర్చోవడానికి చెట్టు చుట్టూ అరుగు. మన రచ్చకట్ట చట్టంలోనే ఉంది! దాన్ని అడిగి కట్టించుకున్న కాలనీ ఒక్కటి చూడాలని నాకు ఆశ.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2018లో మన రాష్ట్రం చేసిన సవరణతో పేదల ఇళ్లలాంటి కొన్ని పనులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు. ఇళ్లు కట్టేది జనం కోసమే కాబట్టి జనాన్ని అడగనక్కర్లేదన్న వాదన నాకు మింగుడుపడలేదు.

అపోహ: అడుగుతూ కూర్చుంటే పని సాగదు.

2020లో గండికోటలో నీటి నిల్వ పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరులోకి నీళ్లు చేరాయి. గడువు కావాలని, పరిహారం లెక్క తేల్చమని జనం రోడ్డెక్కారు. ముందు కూర్చుని మాట్లాడని మాటలన్నీ నీళ్లు గుమ్మంలోకి వచ్చాక మాట్లాడాల్సి వచ్చింది. అంతకు ముందు 1981లో శ్రీశైలం ముంపు ఊళ్లను ఖాళీ చేయించిన తీరు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పెద్దలు ఇప్పటికీ చెబుతారు. వేగంగా చేసిన పని అది. ఆ నిర్వాసితుల అర్జీలు మాత్రం దశాబ్దాల పాటు తిరిగాయి.

మన దేశంలోనే రెండు భూకంపాలు ఈ సంగతి తేల్చి చెప్పాయి. 1993 సెప్టెంబరు 30న లాతూర్ ప్రాంతం కూలిన తర్వాత 50కి పైగా ఊళ్లను వేరేచోట, ఎక్కువగా కాంట్రాక్టర్లతో, వెడల్పాటి తిన్నని వీధులుగా కట్టారు. పొలం దూరమైంది, ఇరుగుపొరుగు చెదిరింది. 2001 జనవరి 26 తర్వాత కచ్‌లో ఎక్కువమంది ఉన్నచోటే కట్టుకున్నారు. ప్రభుత్వం విడతలుగా డబ్బిచ్చింది, ప్రతి విడతకూ ముందు ఇంజనీరు వచ్చి భూకంపానికి తట్టుకునే పట్టీలు వేశారో లేదో చూశాడు. ఇల్లు ఎవరిదో పెత్తనం వాళ్లదే. పని ఆగలేదు, చాలా చురుగ్గా సాగింది.

అపోహ: గ్రామసభ అంటే నలుగురు పెద్దమనుషుల మాటే.

చాలాచోట్ల నిజమే, ఒప్పుకోవాలి. పొద్దున పది గంటలకు సభ పెడితే కూలికి పోయినవాళ్లు రారు. దానికి మందు సభ మానేయడం కాదు. రాత్రి భోజనాల వేళ తర్వాత, వీధి వీధికీ, ఎస్సీ కాలనీలో విడిగా, పొదుపు సంఘాల ఆడవాళ్లతో విడిగా కూర్చోవాలి. కరాచీలోని ఓరంగి బస్తీలో 1980 నుంచి అఖ్తర్ హమీద్ ఖాన్ చేసిందిదే. వీధిని ఒక జట్టు చేసి, ఆ వీధివాళ్ల డబ్బు, పెత్తనంతోనే వాళ్ల మురుగు కాలువ వేయించాడు.

అపోహ: ఉచితంగా ఇస్తుంటే ప్రశ్నలేంటి?

ఉచితం కాదు. పేదలందరికీ ఇళ్లు పథకంలో ఇంటికి లెక్క కట్టింది లక్షా ఎనభై వేలు. అంతలో పూర్తికాని ఇంటికి మిగతాది ఆ కుటుంబం అప్పు తెచ్చి పెట్టింది. డబ్బు పెట్టేవాళ్లకు తలుపు ఎటు ఉండాలో చెప్పే హక్కు ఉంది.

మీ పంచాయతీలో లేఅవుటు మాట వినపడిన రోజే, చదును చేసే యంత్రం రాకముందే, సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వండి. స్థలంలో ముగ్గు పోసి చూపించమనండి. పశువులకు, శ్మశానానికి, రచ్చకట్టకు చోటు ఎక్కడో అడగండి. చెప్పిన జవాబు గ్రామసభ తీర్మానాల పుస్తకంలో రాయించి, చదివించుకున్నాకే సంతకం చేయండి. ఆ తీర్మానం నకలు ఒకటి మీ దగ్గర పెట్టుకోండి.