పాత బ్రౌజరు - తెరచుకొనని ఈ-మెయిలు

నిధుల వివరములు, సమావేశపు పిలుపులు, పై అధికారుల ఉత్తరువులు నేడు పంచాయతీలకు పెక్కు ఈ-మెయిలు ద్వారా చేరుచున్నవి. జాబు సకాలమున చేరినను, కార్యాలయములోని కంప్యూటరుపై తెరచుకొననిచో గడువు దాటిపోవును. నష్టము గ్రామమునకు కలుగును. ఇట్టి చిక్కునకు తరచుగా కారణమగునది బ్రౌజరు. కావున దానిని గూర్చి పంచాయతీ సభ్యులు కొంత ఎరిగియుండుట మేలు.

మన జాబులు సేవను నడుపు సంస్థవారి కంప్యూటర్లలో భద్రపరుపబడి యుండును. వానిని అక్కడినుండి తెచ్చి తెరపై చూపు సాధనమే బ్రౌజరు. క్రోము, ఫైర్‌ఫాక్సు, ఎడ్జి, సఫారి అనునవి ఇట్టివి.

1996 జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనువారు హాట్‌మెయిలును ప్రారంభించిరి. నాటి పుటలు సరళమైనవి. సామాన్యమైన బ్రౌజరు కూడ వానిని చూపగలిగెడిది. 2004 ఏప్రిల్ 1న వెలువడిన జీమెయిలు జావాస్క్రిప్టు అను ఆదేశ భాషను విరివిగా వాడుకొన్నది. జాబు తెరచినప్పుడు పుట యంతయు మరల రానక్కరలేక, కావలసిన భాగము మాత్రమే మారును. పని వేగవంతమైనది గాని బ్రౌజరుపై భారము పెరిగినది. కొత్త ఆదేశములు పాత బ్రౌజరునకు బోధపడవు. పుట సగము వచ్చి నిలిచిపోవును.

భద్రత మరియొక కారణము. లోపములు సవరింపబడని బ్రౌజరునుండి పాస్‌వర్డు పరుల పాలు కావచ్చును. అందువలన సంస్థలు పాత కూర్పులకు క్రమముగా సేవ నిలుపుచున్నవి. విండోస్ 10పై ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకు మైక్రోసాఫ్టు వారి మద్దతు 2022 జూన్ 15న ముగిసినది. విండోస్ 7పై నడచు క్రోము కూర్పులలో 2023 జనవరిలో వెలువడిన 109వది చివరిది. పాత బ్రౌజర్లకు ఆసరాగా నుండిన జీమెయిలు సరళరూపము కూడ 2024లో తొలగింపబడినది.

జాబు తెరచుకొననప్పుడు ఈ క్రింది విషయములు వరుసగా చూడవలెను.

1. కంప్యూటరులోని తేదీ సరిగా నున్నదా? లోపలి చిన్న బ్యాటరీ అయిపోయినచో విద్యుత్తు పోయినప్పుడెల్ల ఏండ్ల వెనుకటి తేదీ వచ్చును. అప్పుడు సంస్థవారి భద్రతాపత్రము చెల్లదని తలచి బ్రౌజరు దారి నిలుపును. తేదీ సవరించిన చాలును. ఆ హెచ్చరికను త్రోసివేసి ముందునకు పోరాదు.

2. బ్రౌజరు కూర్పు కొత్తదేనా? మెనూలో దాని సంఖ్య తెలియును. కొత్త కూర్పును తయారుచేసిన సంస్థవారి స్థలమునుండియే తెచ్చుకొనవలెను.

3. జావాస్క్రిప్టు, కుకీలు నిలిపివేయబడినవా? ఇవి లేనిదే లోనికి ప్రవేశము దొరకదు.

4. వేరొక బ్రౌజరులో తెరచుకొనుచున్నదా? తెరచుకొన్నచో దోషము మొదటి బ్రౌజరుదేయని నిశ్చయింపవచ్చును.

కంప్యూటరే కొత్త కూర్పును స్వీకరింపలేనంత పాతదైనచో, తాత్కాలికముగా ఫోనులో జాబులు చూచుకొనుచు, మార్పిడి విషయమును పంచాయతీ సమావేశమున చర్చకు పెట్టుట ఉచితము. పలువురు వాడు కంప్యూటరుపై పాస్‌వర్డును దాచియుంచరాదు; పని ముగియగానే ఖాతానుండి వెలుపలికి రావలెను.

నెలకొకసారి ఈ పరీక్ష జరిపించుటకు కొద్ది నిమిషములు చాలును. గ్రామమునకు వచ్చిన జాబు గ్రామమునకు అందినదని చూచుట పంచాయతీ విధులలో నొకటి.