అండమాన్‌లో ఒక్కరోజు సైకిల్ రేసు సాధ్యమేనా?

అండమాన్ నికోబార్ దీవులు దేశానికి ప్రపంచస్థాయి సైక్లిస్టులను అందించాయి. బాల్యంలో 2004 నాటి సునామీ నుంచి ప్రాణాలతో బయటపడిన డెబోరా హెరాల్డ్ 2016 ప్రపంచ ట్రాక్ ఛాంపియన్‌షిప్‌కు అర్హత పొందారు. ఎసో ఆల్బెన్ 2018 ప్రపంచ జూనియర్ పోటీల్లో కీరిన్ విభాగంలో రజతం, 2019లో సహచరులతో కలిసి టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం సాధించారు. వీరిద్దరూ ట్రాక్ క్రీడాకారులే. మరి, రహదారిపై సాగే సుదీర్ఘ పోటీకి ఈ దీవుల్లో అనువైన దారి ఉందా?

ఒక్కరోజు రేసులో అందరూ ఒకేసారి బయలుదేరతారు. గమ్యాన్ని ముందుగా చేరినవారే విజేత. టూర్ డి ఫ్రాన్స్‌లో మాదిరిగా నేటి వెనుకబాటును రేపు సరిదిద్దుకునే వీలుండదు. ఇటలీలో 1907లో ప్రారంభమైన మిలాన్–సాన్‌రెమో రేసు దూరం దాదాపు 300 కిలోమీటర్లు. ముందు వెళ్లేవారి వెనుక తొక్కితే గాలి తాకిడి తగ్గి, శక్తి ఆదా అవుతుంది. అందుకే జట్టు సభ్యులు తామే గాలికి ఎదురొడ్డి, తమ నాయకుడి బలాన్ని చివరి ఘట్టం వరకు కాపాడతారు.

దూరం ఒక్కటే చూస్తే అండమాన్ ట్రంక్ రోడ్డు సరిపోతుంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరాన దిగ్లీపూర్ వరకు అది 300 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. అయితే జిర్కాటాంగ్ దాటిన తరువాత అది జరావా తెగ రక్షిత ప్రాంతం గుండా వెళుతుంది. అక్కడ వాహనాలను నిర్ణీత వేళల్లో, బారులుగా మాత్రమే పంపుతారు. మధ్యలో ఆగడం, ఫొటోలు తీయడం నిషిద్ధం. 1999లో జరావాలలో తట్టు వ్యాధి వ్యాపించింది. కొన్ని వందల మంది మాత్రమే ఉన్న ఆ సమాజాన్ని కాపాడే నిబంధనలను పోటీ కోసం సడలించడం తగదు. పైగా మిడిల్ స్ట్రెయిట్ వద్ద సముద్రపు పాయను ఫెర్రీపై దాటవలసి ఉంటుంది.

ట్రాక్ స్ప్రింట్‌కు ఇంత దారి అక్కరలేదు. ప్రామాణిక ట్రాక్ చుట్టుకొలత 250 మీటర్లే. సుదీర్ఘ ప్రయాణం కన్నా క్షణాల్లో వెలువడే బలమే అక్కడ కీలకం. పరిమిత స్థలంలోనూ ఆ సాధన సాధ్యమే. ఉన్నతస్థాయి శిక్షణ కోసం మాత్రం దీవుల క్రీడాకారులు ఢిల్లీ వంటి నగరాలకు తరలివెళ్లవలసి వస్తోంది.

రోడ్ రేసుకూ ఒక మార్గాంతరం ఉంది. ప్రపంచ రోడ్ ఛాంపియన్‌షిప్‌లో క్రీడాకారులు ఒకే చుట్టుమార్గంలో పలుమార్లు తిరుగుతారు. రక్షిత ప్రాంతానికి దూరంగా, రాజధాని పరిసరాల్లో అటువంటి మార్గాన్ని ఎంపిక చేస్తే దీవుల యువతకు సొంతగడ్డపైనే రోడ్ రేసు అనుభవం దక్కుతుంది. జరావాల ప్రశాంతతకూ భంగం కలగదు.