ఓర్పు విడిచిన దూబగుంట వనితలు

స్త్రీకి సహనమే భూషణమని మనవారు తరతరములుగా బోధించుచు వచ్చిరి. భర్త త్రాగివచ్చి కొట్టినను, కూలిడబ్బు సారాపాలైనను, పిల్లలు పస్తున్నను, ఇంటిగుట్టు వీధి కెక్కనీయకుండుటయే ఇల్లాలి ధర్మమని యెంచిరి. ఈ సహనమువలన బాగుపడిన సంసార మొక్కటియు మాకు కానరాదు. బాగుపడినవారు సారా కంట్రాక్టుదారులే.

నెల్లూరు జిల్లాయందలి దూబగుంట గ్రామస్త్రీలు 1992లో ఈ ధర్మమును త్యజించిరి. దాని పూర్వరంగము గమనింపదగినది. నాడు సారా పాకెట్లలో గ్రామగ్రామమునకు వచ్చుచుండెను. దుకాణముల పాటలవలన ప్రభుత్వమునకు ఆదాయము వచ్చుచుండెను. అదే ప్రభుత్వము ఆ జిల్లాలో సాగించిన అక్షరాస్యతా తరగతులలో, కూలినాలి చేసికొను స్త్రీలు కూడి పలక పట్టిరి. వాచకమునందు సారాపై పోరాడిన స్త్రీల కథ యొకటి పాఠముగా నుండెను. వారు దానిని కథగా విడువక, తమ ఊరి సారాను ఆపిరి. అంతవరకు ఒక్కొక్కతె తన తలవ్రాత యనుకొన్నది, పదిమంది కలసి చెప్పుకొనగా, ఊరికంతకును పట్టిన యొకే జాడ్యమని తేలెను. గుట్టు వీడుటతోడనే భయమును వీడెను.

ఉద్యమము జిల్లాయంతట ప్రాకెను. స్త్రీలు దుకాణములు మూయించిరి, పాటలను సాగనీయరైరి. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో ప్రభుత్వము దానిని సడలించెను. సారాపై నిషేధము మాత్రము నిలిచెను.

మద్యము మరలివచ్చెను గావున ఆ స్త్రీల శ్రమ వృథాయని కొందరందురు. మేమట్లు తలంపము. శాసనము సచివాలయమునుండి వచ్చును, అక్కడికే మరలిపోవును. ఆ స్త్రీలు గడించిన బలము అట్టిది కాదు. అదే జిల్లాలో ఆ దశకముననే ‘పొదుపులక్ష్మి’ సంఘములు వెలసెను. దినమున కొక రూపాయి చొప్పున కూడబెట్టి, తమలో తాము అప్పు లిచ్చిపుచ్చుకొనిరి. మగని యెదుట నోరెత్తరాదన్న యింతులు లెక్కపుస్తకము ముందిడుకొని సభ తీర్చిరి. ఇంతకు మించిన పునర్జన్మ మేమున్నది?

నేటికిని రెండు తెలుగు రాష్ట్రముల ఖజానాలకును మద్యపు రాబడి ముఖ్యాధారముగా నున్నది. ఆ సొమ్ము ఏ యింటి కుండనుండి వచ్చుచున్నదో పాలకులకు తెలియనిది కాదు. సహనము సద్గుణమే, అన్యాయమును పోషించునప్పుడు మాత్రము అది గుణము గాదు. పురుషులకు మా మనవి యొక్కటే: ఇల్లాలి యోర్పును పొగడుట మాని, ఆమె యోర్వవలసినదానిని ఇంటినుండి తొలగింపుడు.