చమురు తరుగుదలను గ్రామస్థులకు వీడియోలో చూపు విధము

డీజిలు ధర పెరిగినప్పుడు రైతు పెట్రోలు బంకు వారినో, ప్రభుత్వమునో నిందించును. పన్నులు, విదేశీ ధరలు కారణములే గాని, వాని వెనుక మరియొకటి కలదు. చమురు క్షేత్రములో ఉత్పత్తి కొంతకాలము పెరిగి, పతాకస్థాయికి చేరి, పిదప తగ్గును. ప్రపంచమంతటి చమురుకును ఇట్టి పతాకస్థాయి ఉండునను భావమునే ‘పీక్ ఆయిల్’ అందురు. మనదేశము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా దిగుమతియే. కావున ఈ సంగతి ప్రతి రైతునకు తెలియవలెను. రైతు సంఘములు సెల్‌ఫోనుతో పది నిమిషముల వీడియో తీసి పంచాయతీ కార్యాలయము వద్ద చూపవచ్చును. అందులో నాలుగు ఘట్టములుండిన చాలును.

1. బోరుబావి: ఊరి రైతు ఒకడు తన బోరు కథ చెప్పవలెను. మొదట ఎన్ని అడుగులకు నీరు పడినది, ఇప్పుడెన్ని అడుగులకు పడుచున్నది, ఖర్చెంత పెరిగినది? నీరు ఒక్కనాడు మాయము కాలేదు. తేలికగా దొరకు నీరు ముందుగా పోయినది. చమురు సంగతియు అంతే. అయితే వాన కురిసిన బోరు మరల ఊరును, చమురు ఊరదు. ఈ భేదమును తప్పక చెప్పవలెను.

2. మన తీరపు ఉదాహరణ: కాకినాడ కెదురుగా సముద్రగర్భమున, కృష్ణా–గోదావరి డి6 ప్రాంతములోని డి1, డి3 క్షేత్రములందు 2009 ఏప్రిలులో సహజవాయువు ఉత్పత్తి ఆరంభమైనది. 2010లో పతాకస్థాయికి చేరి, వేగముగా పడిపోయి, 2020 ఫిబ్రవరిలో నిలిచిపోయినది. ఆ ప్రాంతమున వేరు క్షేత్రములు తరువాత తెరిచిరి. ఇది చమురు కాకపోయినను నడక అదే. పైగా యూరియా తయారీకి ముఖ్యమైన ముడిసరుకు సహజవాయువే. గోడపై బొగ్గుతో ఎక్కుదిగుడు గీత గీసి దీనిని చూపవచ్చును.

3. నిజము దాచకుండుట: అమెరికా చమురు ఉత్పత్తి 1965–1970 ప్రాంతమున పతాకస్థాయికి చేరగలదని 1956లో హబ్బర్ట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు చెప్పెను. 1970లో అట్లే జరిగినది. కాని రాతిపొరలను పగులగొట్టి చమురు తీయు పద్ధతి వ్యాపించుటచే 2018లో ఆ దేశపు ఉత్పత్తి 1970 నాటి మొత్తమును మించినది. కనుక ‘ఫలానా ఏట చమురు అయిపోవును’ అని చెప్పరాదు. ఆ యేడు వచ్చియు బంకులో డీజిలు దొరికినచో, మీరు చెప్పు మంచి మాటను కూడ ఎవరును నమ్మరు.

4. చేయదగిన పని: సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నము కాగా క్యూబాకు చమురు, ఎరువుల రాక బాగా తగ్గినది. ట్రాక్టర్లు నిలిచిపోగా ఎద్దులను కట్టిరి. పట్టణములలో కూరగాయలు పండించిరి. 2006లో వచ్చిన ‘ది పవర్ ఆఫ్ కమ్యూనిటీ’ అను చిత్రము ఈ కథనే చూపును. ఆనాడు అక్కడ తిండికి కటకట పడిన మాటయు చెప్పవలెను. మన వీడియోలో జనుము, జీలుగ పెంచి కలియదున్నుట, భూసార పరీక్షను బట్టి యూరియా వేయుట, అనవసరపు దుక్కులు మానుట చూపవలెను.

తీయునప్పుడు ఫోను అడ్డముగా పట్టుకొనవలెను. గాలి హోరు లేనిచోట, ఉదయపు వెలుతురులో తీయుట మేలు. మాట ఊరివారి వాడుకలో ఉండవలెను. ముందుగా ఇద్దరు ముగ్గురు రైతులకు చూపి, అర్థము కాని చోట్లను మరల తీయవలెను.

చూపుట ముగిసిన వెంటనే జనమును పంపివేయరాదు. “డీజిలు ధర రెట్టింపైనచో నీ సేద్యములో ఏ పని మార్చుకొందువు?” అని ఒక్కొక్కరిని అడుగవలెను. ఆ జవాబులు రాబట్టుటయే వీడియో ప్రయోజనము. ధర పెరిగిన పిదప వెదకుకొను ఉపాయము కంటె, ముందుగా ఒక మడిలో చేసి చూచిన ఉపాయము రైతును ఆదుకొనును.