ఏడో మెట్టు కాడ

బి.ఆర్క్ మూడో ఏట కొల్లాపూర్‌లో మా ఇంటి మెట్లు నేనే గీశాను. ప్లాను ముచ్చటగా వచ్చింది. మా నాయిన మేస్త్రి. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏడో మెట్టు కాడ తల బీముకు కొడ్తది బిడ్డా" అన్నాడు. నాకు రోషమొచ్చింది. సెక్షన్ గీసి లెక్కేశాను. మెట్టు ఆరంగుళాలు, బీము అడుగుభాగం తొమ్మిదడుగుల ఎత్తున. ఏడో మెట్టు మీద మిగిలింది ఐదున్నర అడుగులే!

గీతల్లోంచి ఇంటిని లేపి అందులో నడిచి చూసే ఈ నేర్పునే మా చదువుల్లో స్పేషియల్ ఎబిలిటీ అంటారు. ఎం.ఆర్క్ సీటుకొచ్చినవాళ్ళలో దాన్ని పట్టేదెట్లా? ఆ సీటుకు రాసే గేట్ పరీక్షలో 100 మార్కులకు 15 జనరల్ ఆప్టిట్యూడ్‌వి. ఆకారాలు తిప్పడం, అద్దంలో బొమ్మ, కాగితం మడిచి కత్తిరించడం ఆ సిలబస్‌లోవే. మీరూ చూడండి: చదరపు కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, రెండు మడతలూ కలిసే మూలను కత్తిరించండి. విప్పితే ఎన్ని చిల్లులు? తొందరపడితే నాలుగంటాం. ఒక్కటే, నట్టనడుమ.

ఇట్లా ఆకారాలు తిప్పడాన్నే పరీక్షిస్తూ 1971లో షెపర్డ్, మెట్జ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు ఘనాలు పేర్చిన బొమ్మల్ని జంటలుగా చూపి, రెండూ ఒకటేనా అని అడిగారు. బొమ్మ ఎంత తిరిగి ఉంటే జవాబుకు అంత సేపు పట్టింది. చేత్తో తిప్పినట్టే మనసులోనూ తిప్పుతామన్నమాట.

మన ప్రవేశ పరీక్షల్లో నాకు నచ్చనిది ఒకటుంది. 2024లో బి.ఆర్క్ ప్రవేశ పరీక్ష నాటాలో పిల్లలకు కిట్టు ఇచ్చి 3డి కూర్పు చేయించారు, దానికి 30 మార్కులు. ఐదేళ్ళు చదివి గేట్ రాసేవాళ్ళకు మాత్రం అంతా స్క్రీన్ మీదే. చిల్లులు లెక్కపెట్టడం నాకూ వచ్చు, బీము మాత్రం కనబడలేదు.

మా ఊరి మాధవస్వామి గుడి అసలు కృష్ణ ఒడ్డున మంచాలకట్టలో ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు వస్తుందని విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. ఏ రాయి ఎటు తిరగాలో తెలియనివాడికి అది ఉత్త రాళ్ళకుప్పే. ఎం.ఆర్క్ ప్రవేశానికీ అట్లాంటి పరీక్ష ఒక్క గంట పెట్టండి: చేతికి ప్లాను, సెక్షన్, పది చెక్క దిమ్మెలు ఇచ్చి "నిలబెట్టు" అనండి.