సమ్మర్ క్యాంప్‌కు ఫీజు కడుతున్నారా? ముందు ఈ ఒక్క లెక్క అడగండి

'ఒకే క్యాంప్.. 20 యాక్టివిటీలు!' ఏప్రిల్ వచ్చిందంటే తిరుపతి, చిత్తూరులో ఎటు చూసినా ఇవే ఫ్లెక్సీలు. పొద్దున పేపర్‌లో పాంప్లెట్లు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో పోస్టర్లు. ఏప్రిల్ చివరి వారంలో స్కూళ్లకు సెలవులు ఇస్తే మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. ఇంచుమించు ఏడు వారాలు. అమ్మానాన్న ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో పిల్లల చేతికి మిగిలేది ఫోన్ ఒక్కటే. అందుకే 'కాస్త ఆటలైనా ఆడతారు' అని క్యాంప్‌లో చేర్పిస్తున్నారు.

మరి నిజంగా ఆడుతున్నారా? ఏ టైమ్‌లో ఆడుతున్నారు? ఎవరు చూసుకుంటున్నారు? డబ్బు కట్టే ముందు ఈ మూడూ తేల్చుకోవాలి. ఎలాగో చూద్దాం.

యాక్టివిటీలు కాదు, నిమిషాలు లెక్కపెట్టండి

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. శ్రమ అంటే గుండె వేగం పెరిగేలా, ఊపిరి ఎగపోసేలా ఉండాలి. వారంలో కనీసం మూడు రోజులు కండరాలు, ఎముకలు గట్టిపడే ఆటలు కూడా ఉండాలి. అంటే దూకడం, ఎక్కడం, పరిగెత్తడం లాంటివి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. క్యాంప్ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు అనుకోండి. మొత్తం 240 నిమిషాలు. అందులో అటెండెన్స్, ప్రేయర్, డ్రాయింగ్, క్రాఫ్ట్, స్నాక్స్, ఒక కార్టూన్ సినిమా పోగా ఆటలకు మిగిలింది ఒక గంట. ఆ గంటలో క్రికెట్ కోచింగ్. ఒకే నెట్, 20 మంది పిల్లలు. ఒక్కొక్కరికి బ్యాటింగ్ వచ్చేది 3 నిమిషాలు. బౌలింగ్ కలుపుకున్నా పది నిమిషాలు దాటదు. మిగతా టైమంతా లైన్‌లో నిలబడటమే. పేరుకు నాలుగు గంటల యాక్టివ్ క్యాంప్, పిల్లాడు కదిలింది పది నిమిషాలు!

అదే 20 మందితో నేల-బండ ఆడిస్తే? అందరూ ఒకేసారి పరిగెత్తాల్సిందే. పిల్లల్ని చిన్న చిన్న జట్లుగా చేసి కబడ్డీ, ఖోఖో ఆడించినా అంతే. ఖరీదైన కిట్లు అవసరం లేదు. లైన్‌లో నిలబెట్టే ఆటలు తక్కువ, అందరూ కదిలే ఆటలు ఎక్కువ ఉన్న క్యాంపే మంచి క్యాంప్.

అందుకే 'ఏమేం నేర్పిస్తారు?' అని కాకుండా 'మా అబ్బాయి రోజుకు ఎన్ని నిమిషాలు కదులుతాడు?' అని అడగండి. గంటల వారీ టైమ్‌టేబుల్ చేతికివ్వమనండి. పక్కాగా నడిపేవాళ్ల దగ్గర అది రెడీగా ఉంటుంది. 'అన్నీ ఉంటాయి మేడమ్, మీరు వర్రీ కావొద్దు' అన్న సమాధానం వస్తే అక్కడే ఆలోచించుకోవాలి.

మన ఎండకు ఏ టైమ్ మంచిది?

ఇది మన దగ్గర అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి, శ్రీకాళహస్తి వైపు 40 డిగ్రీలు దాటడం మామూలే. పలమనేరు, కుప్పం ఎత్తు మీద ఉన్న ప్రాంతాలు కాబట్టి అక్కడ కాస్త నయం. సూళ్లూరుపేట, తడ వైపు సముద్రం దగ్గర కావడంతో డిగ్రీలు కొంచెం తక్కువ చూపించినా ఉక్కపోత ఎక్కువ. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కాబట్టి కుప్పంలో నడిచే టైమ్‌టేబుల్ తిరుపతిలో నడవదు.

పరుగులు పెట్టే ఆటలు ఉదయం 6 నుంచి 8, 8.30 లోపు అయిపోవాలి. లేదంటే సాయంత్రం 5 తర్వాత మొదలుపెట్టాలి. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలోకి వెళ్లొద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఏటా చెబుతూనే ఉంది. 10 గంటలకు అవుట్‌డోర్ గేమ్స్ అని టైమ్‌టేబుల్‌లో ఉంటే మన ఊళ్లో అది సరైన క్యాంప్ కాదు.

రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో ఏ మండలాల్లో వడగాలులు వీస్తాయో ముందుగానే ప్రకటిస్తుంది. 'మన మండలం పేరు అందులో ఉంటే ఆ రోజు ఏం చేస్తారు?' అని నిర్వాహకులను అడగండి. ఆటలు ఆపేస్తారా, ఇండోర్‌కు మారుస్తారా, సెలవు ఇస్తారా? ముందే అనుకున్న జవాబు ఉండాలి.

పిల్లలకు వడదెబ్బ ఎందుకు తొందరగా తగులుతుంది?

ఒంటి బరువుతో పోలిస్తే పిల్లల చర్మం విస్తీర్ణం ఎక్కువ. బయటి గాలి ఒంటి కంటే వేడిగా ఉన్నప్పుడు వాళ్ల ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. పెద్దవాళ్లతో పోలిస్తే చెమట కూడా తక్కువ పడుతుంది. అన్నిటికీ మించి, ఆటలో పడితే దాహం గుర్తుండదు. 'దాహమేస్తే తాగుతార్లే' అని వదిలేయకూడదు.

9 నుంచి 12 ఏళ్ల పిల్లలు ఆడుతున్నప్పుడు ప్రతి 20 నిమిషాలకు 100 నుంచి 250 మిల్లీలీటర్ల నీళ్లు తాగాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచించింది. అంటే అర గ్లాసు నుంచి ఒక గ్లాసు. విజిల్ వేసి ఆట ఆపి మరీ తాగించే కోచ్ ఉన్నాడా? ఇది చూడాలి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ మంచిదే. కూల్‌డ్రింకులు వద్దు. నన్నారి షర్బత్ మనవాళ్లకు ఇష్టమే కానీ అందులో చక్కెర ఎక్కువ, నీళ్లకు బదులుగా అది సరిపోదు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఏసీ గదిలో, ఇంట్లో ఉన్న ఒళ్లు ఎండలో శ్రమకు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. 15 రోజుల క్యాంప్ అయితే అలవాటు పడేసరికి క్యాంపే అయిపోతుంది! అందుకే మొదటి వారం ఆటలు తేలిగ్గా, తక్కువసేపు ఉండాలి. మొదటి రోజే నాలుగు రౌండ్లు పరిగెత్తించి 'స్టామినా టెస్ట్' పెట్టే కోచ్‌ను మెచ్చుకోకండి.

తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం, కాళ్లు పట్టేయడం మొదలైతే వెంటనే ఆట ఆపి నీడలో పడుకోబెట్టాలి. ఒళ్లు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా అది ప్రాణాపాయం. బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోసి, గాలి విసరాలి. మెడ దగ్గర, చంకల్లో తడిగుడ్డలు పెట్టాలి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ పద్ధతి క్యాంప్‌లో ఎంతమందికి తెలుసో అడగడంలో తప్పు లేదు.

గ్రౌండ్‌ను ఆ టైమ్‌లోనే వెళ్లి చూడండి

ఫొటోల్లో పచ్చగా మెరిసిపోయే ఆర్టిఫిషియల్ టర్ఫ్ ఎండలో మామూలు గడ్డి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. రాత్రి పెద్దలు బాక్స్ క్రికెట్ ఆడుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ పొద్దెక్కాక పిల్లలను అక్కడ కూర్చోబెడితే ఒళ్లు చుర్రుమంటుంది. రేకుల షెడ్డుకు 'ఇండోర్' అని పేరు పెట్టినా మధ్యాహ్నం అది పొయ్యి లెక్కే.

మీ పిల్లలు ఏ టైమ్‌లో అక్కడ ఉంటారో అదే టైమ్‌కు వెళ్లి పది నిమిషాలు నిలబడండి. చెట్టు నీడ ఉందా? తాగునీరు ఎక్కడ? ఆడపిల్లలకు విడిగా టాయ్‌లెట్ ఉందా, గొళ్లెం పడుతుందా? ఫస్ట్ ఎయిడ్ బాక్స్ తెరిచి చూపిస్తారా? దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంది? ఈ పది నిమిషాల్లో తెలిసినంత బ్రోచర్‌లో తెలియదు.

ఎంతమంది పిల్లలకు ఒక పెద్ద?

అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ పెట్టుకున్న ప్రమాణం ప్రకారం డే క్యాంపుల్లో 6 నుంచి 8 ఏళ్ల పిల్లలు 8 మందికి ఒకరు, 9 నుంచి 14 ఏళ్ల వాళ్లు 10 మందికి ఒకరు ఉండాలి. ఇది మన చట్టం కాదు. కానీ పోల్చి చూసుకోవడానికి మంచి కొలత. ఒకే 'సార్' 40 మందిని ఆడిస్తుంటే ఒకడు కింద పడితే మిగతా 39 మందిని ఎవరు చూస్తారు?

ఆరేళ్ల పిల్లల్నీ పద్నాలుగేళ్ల వాళ్లనూ ఒకే జట్టులో కలపకూడదు. ఆస్తమా, ఫిట్స్, అలర్జీ ఉన్నాయా అని చేర్చుకునేటప్పుడే వాళ్లు రాసుకోవాలి. అడగకపోతే మీరే చెప్పండి, రాయించండి.

స్విమ్మింగ్ ఉందా? ఇంకాస్త జాగ్రత్త

కోచ్ వేరు, లైఫ్‌గార్డ్ వేరు. నేర్పించే మనిషి కళ్లు నేర్చుకునే పిల్లల మీదే ఉంటాయి. మొత్తం పూల్‌ను గట్టు మీద నుంచి చూసే మనిషి ఇంకొకరు ఉండాలి. సినిమాల్లో చూపించినట్లు నీళ్లలో మునిగేవాళ్లు చాలాసార్లు కేకలు వేయరు, చప్పుడు లేకుండానే మునిగిపోతారు. లోతు ఎంతో రాసి ఉందా, చిన్నపిల్లలకు వేరే పూల్ ఉందా చూడండి. 15 రోజుల్లో కాస్త ఈత వచ్చిందని బావిలోకో చెరువులోకో వదలొద్దు.

పిక్నిక్ అంటే.. ఎక్కడికి?

చివరి రోజు తలకోన, కైలాసకోన అంటూ ఔటింగ్ పెడుతుంటారు. పిల్లలకు సరదానే. కానీ జలపాతం కింద రాళ్లు జారతాయి, లోతు తెలియదు. శేషాచలం అడవి దారుల్లో ట్రెక్కింగ్ అంటే అటవీశాఖ అనుమతి ఉందా అని కచ్చితంగా అడగాలి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయిన ఘటన ఈ ఊరు ఇంకా మరిచిపోలేదు. ఆ తర్వాతే నడకదారుల్లో పిల్లలకు టీటీడీ టైమ్ ఆంక్షలు పెట్టింది. వేలమంది నడిచే దారిలోనే అలా జరిగితే, గుంపుగా పిల్లలను అడవిలోకి తీసుకెళ్లడం ఎంత బాధ్యతో చెప్పక్కర్లేదు. అనుమతి పత్రం, వెంట వచ్చే పెద్దల సంఖ్య, వాహనం వివరాలు చూశాకే సంతకం పెట్టండి.

సాయంత్రం ఎవరి చేతికి అప్పగిస్తారు?

ఎవరు తీసుకెళ్తారో పేరు, ఫోన్ నంబర్ రాసుకుని వాళ్లకే అప్పగించే పద్ధతి ఉండాలి. 'మామయ్య వచ్చాడు' అనగానే పంపేస్తే కాదు. ఆటో పెట్టారంటే ఎంతమందిని ఎక్కిస్తున్నారో ఒకసారి గేటు దగ్గర నిలబడి చూడండి.

సిబ్బంది ఎవరు, ఇంతకుముందు ఎక్కడ పనిచేశారు అని అడగండి. కోచ్ పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండే పరిస్థితి రాకూడదు. ఎవరైనా ఇబ్బందిపెట్టేలా తాకితే ఇంట్లో చెప్పాలని, చెబితే తిట్టమని పిల్లలకు ముందే చెప్పండి. 2012 నాటి పోక్సో చట్టం అబ్బాయిలకూ అమ్మాయిలకూ సమానంగా వర్తిస్తుంది. సాయం కోసం చైల్డ్‌లైన్ 1098, అత్యవసరమైతే 112.

ఫీజు కట్టలేకపోతే?

మంచి క్యాంప్ అంటే ఖరీదైన క్యాంప్ అని కాదు. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ శాప్, జిల్లా క్రీడా ప్రాధికార సంస్థలు వేసవిలో శిక్షణ శిబిరాలు నడుపుతుంటాయి. తిరుపతిలో శ్రీనివాస స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో, చిత్తూరులో మెసానికల్ మైదానం దగ్గర వాకబు చేయండి. గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు ఉచితంగా జరుగుతాయి. కథలు, పుస్తకాలు, బొమ్మలు వేయడం.. అన్నీ నీడ పట్టున. ఇంకా తిరుపతిలో అలిపిరి రోడ్డు వైపు ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది.

వీటితో మీరే ఒక క్యాంప్ తయారు చేసుకోవచ్చు. ఉదయం గంటన్నర గ్రౌండ్. ఇంటికొచ్చి స్నానం, టిఫిన్. తర్వాత లైబ్రరీ. మధ్యాహ్నం భోజనం, నిద్ర. సాయంత్రం వీధిలో బిళ్లంగోడు, తొక్కుడుబిళ్ల. ఇరుగుపొరుగు నాలుగు కుటుంబాలు వంతులు వేసుకుంటే రోజూ ఒకరు పిల్లలతో ఉండొచ్చు. ఖర్చు దాదాపు ఉండదు, పిల్లలు కదిలే నిమిషాలు మాత్రం పెద్ద క్యాంప్‌కు తీసిపోవు.

చేర్పించాక మొదటి మూడు రోజులు

నెల మొత్తానికి ఒకేసారి కట్టేయకండి. ఒక రోజు ట్రయల్ ఇస్తారేమో, మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కి ఇస్తారేమో అడిగి రసీదు మీద రాయించుకోండి.

ఇంటికి రాగానే 'ఏం నేర్చుకున్నావ్?' అని కాకుండా 'ఈరోజు ఎక్కువసేపు ఏం చేశావ్?' అని అడగండి. 'లైన్‌లో నిలబడ్డా' అన్నాడంటే మీకు లెక్క తెలిసిపోయినట్లే. వాటర్ బాటిల్ నిండుగానే తిరిగొచ్చిందా? మూత్రం ముదురు పసుపు రంగులో ఉందా? అయితే నీళ్లు సరిపోవడం లేదు. రేపు వెళ్లనంటూ ఏడిస్తే బద్ధకం అని కొట్టిపారేయకండి. కూర్చోబెట్టుకుని కారణం అడగండి.

పాంప్లెట్‌లో 20 యాక్టివిటీలు ఉన్నా లేకపోయినా పర్వాలేదు. పొద్దున చల్లటి పూట గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడి, నీళ్లు తాగి, చెప్పిన టైమ్‌కు క్షేమంగా ఇంటికొచ్చి, 'రేపు కూడా వెళ్తా' అన్నారంటే మీరు సరైన క్యాంప్‌నే ఎంచుకున్నట్లు.