విత్తనం దాచాలి, వండిన అన్నం కాదు: గిట్‌లో ఏ ఫైళ్లు ఉంచాలి?

హోసూరు, బరంపురం, సోలాపూర్, యానాం... ఎక్కడున్నా మన పిల్లల కోసం ఒక తెలుగు వాచకమో, ఉగాదికి ఒక సంచికో మనమే తయారు చేసుకోవాలనుకుంటే ఇప్పుడు కంప్యూటరే దారి. ఇంట్లో సాఫ్ట్‌వేర్ తెలిసిన పిల్లలుంటే "ఫైళ్లన్నీ గిట్‌లో పెడదాం" అంటారు. సలహా మంచిదే. కానీ "అన్నీ" అన్న దగ్గరే చిక్కు.

గిట్ అనేది 2005లో లినస్ టోర్వాల్డ్స్ రాసిన ఉచిత ప్రోగ్రాం. ఏ ఫైలులో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అది దాచిపెడుతుంది. నలుగురు నాలుగు ఊళ్లలో ఉండి కూడా ఒకే పుస్తకం మీద పని చేయవచ్చు.

పుస్తకం పనిలో రెండు రకాల ఫైళ్లుంటాయి. పాఠాల మాటలు, గీసిన బొమ్మలు, పేజీల అమరిక సూచనలు మనిషి చేసినవి. వాటి నుంచి వచ్చే పీడీఎఫ్, వెబ్ పేజీలు, మధ్యలో పుట్టే లాగ్ ఫైళ్లు యంత్రం చేసినవి. రైతు వచ్చే ఏడాదికి విత్తనం దాచుకుంటాడు గానీ వండిన అన్నం దాచుకోడు. ఇక్కడా అంతే.

యంత్రం చేసినవీ పెడితే ఏమవుతుంది? ఇద్దరు వేర్వేరు పాఠాలు దిద్దితే గిట్ ఆ మార్పులను కలిపేస్తుంది. ఇద్దరూ తమ తమ పీడీఎఫ్ కూడా పెడితే కలపలేదు, ఎవరో ఒకరిది వదులుకోవాల్సిందే. పాఠం దిద్ది పీడీఎఫ్ మళ్లీ తీయడం మరిచిపోతే రెండింటికీ పొంతన ఉండదు. పైగా ప్రతి కొత్త పీడీఎఫ్ చరిత్రలో చేరి బరువు పెంచుతుంది. తర్వాత తొలగించినా పాత ప్రతులు చరిత్రలో అలాగే ఉంటాయి.

కాబట్టి ప్రతి ఫైలుకూ ఒకే ప్రశ్న వేయండి: "ఇది పోతే, మిగిలినవాటితో మరొకరు మళ్లీ తయారు చేయగలరా?" చేయగలిగితే వదిలేయండి. చేయలేకపోతే ఉంచండి.

ఈ ప్రశ్నే మినహాయింపులనూ చెబుతుంది. పాత సంచికను పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చారు, ఆ మూల ఫైలు పోయింది, పీడీఎఫ్ ఒక్కటే మిగిలింది అనుకోండి. అది యంత్రం చేసిందే అయినా ఇప్పుడు అదే విత్తనం, భద్రంగా ఉంచాలి. అలాగే వెబ్‌సైటు పనిలో వచ్చే ప్యాకేజ్ లాక్ ఫైలు యంత్రం రాసేదే. కానీ ఏ భాగం ఏ వెర్షనో కచ్చితంగా చెప్పేది అదే కనుక ఉంచాలి. ఆ భాగాలు దిగే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరును మాత్రం వదిలేయాలి.

వదిలేయాల్సినవాటి పేర్లు డాట్ గిట్‌ఇగ్నోర్ అనే ఫైలులో వరుసకొకటి రాయాలి. ఆ ఫైలును గిట్‌లో పెడితే నియమం అందరికీ వర్తిస్తుంది. అయితే ఇదివరకే గిట్‌లో చేరిన ఫైలుకు ఈ నియమం పనిచేయదు. 'గిట్ ఆర్ఎం' ఆదేశానికి 'క్యాష్డ్' అనే ఎంపిక జతచేసి దాన్ని ముందు జాబితా నుంచి తీయాలి. అప్పుడు మీ కంప్యూటర్లో ఫైలు ఉంటుంది గానీ, ఆ మార్పు తెచ్చుకున్న మిగతావారి దగ్గర చెరిగిపోతుంది. వారికి ముందే చెప్పండి.

పాస్‌వర్డులున్న ఫైళ్లు యంత్రం చేసినవి కాకపోయినా గిట్‌లోకి రాకూడదు. ఒక్కసారి చేరి ఇతరులకు అందినా ఆ పాస్‌వర్డు మార్చేయడమే మేలు.

మన ఎంపిక సరైనదో కాదో తేల్చే పరీక్ష సులువే. మరొకరి కంప్యూటర్లోకి గిట్ నుంచి మొత్తం దింపి, అక్కడ పుస్తకం తీసి చూడండి. వస్తే సరే. రాకపోతే ఉంచాల్సినదేదో బయట ఉండిపోయిందన్నమాట. ఇప్పుడు చూసుకునే అబ్బాయి ఉద్యోగం మారి మరో ఊరు వెళ్లకముందే ఈ పరీక్ష చేయించండి. వాచకం ఒకరి ల్యాప్‌టాప్‌లో చిక్కుకుపోతే మరుసటి ఏడాది పిల్లల చేతికి అందదు.